గొర్రెను గొర్రె అనడానికేమి?

హిందీలో 'భేడ్' అన్న మాట స్త్రీలింగం. ఈ ఒక్క వ్యాకరణ విషయాన్ని పట్టుకొని, అది కనిపించిన చోటల్లా 'ఆడగొర్రె' అని వ్రాసే అనువాదకులున్నారు. హిందీలో 'కితాబ్' కూడా స్త్రీలింగమే. దానిని ఆడపుస్తకమని మాత్రం ఎవరూ అనరు. మరికొందరికి గొర్రె అన్న మాటే నాటుగా తోస్తుంది. వారు 'మేషి' అని వ్రాసి తృప్తి పడతారు.

ప్రేమ్‌చంద్ కథ 'ముక్తిమార్గ్' ఉన్నది. గొర్రెలకాపరి బుద్ధూ తన మందను ఝీంగుర్ చెరకుతోట పక్కగా తోలుకొని పోతాడు. ఝీంగుర్ కర్ర తీసుకొని వాటిని చావబాదుతాడు. పిమ్మట ఒకనాటి రాత్రి చెరకు తగలబడుతుంది. ఆ కథలో భేడ్ అంటే మందలోని జీవాలన్నీ. వాటిని ఆడగొర్రెలంటే, పొట్టేళ్ళను బుద్ధూ ఇంటివద్ద కట్టివేసి వచ్చాడా అని పాఠకుడు అడగడా? మగదానిని విడిగా చెప్పవలసినప్పుడు హిందీకి 'భేడా', 'మేఢా' ఉన్నాయి. తెలుగుకు పొట్టేలు ఉన్నది. తక్కినదంతా అక్కడ భేడ్, ఇక్కడ గొర్రె. మందలో పొట్టేళ్ళు కొద్ది, ఈనేవే ఎక్కువ గనుక కాబోలు, ఆడదాని పేరే రెండు భాషలలోనూ జాతి పేరయింది.

ఇక సంస్కృతంలోనే గౌరవమున్నదనేవారు ఏ మాటను ఎన్నుకొంటారో చెప్పాలి. ఋగ్వేదంలో 'అవి' ఉన్నది. గొర్రెకు అదే పేరు, సోమరసాన్ని వడగట్టే గొర్రె ఉన్నికీ అదే పేరు. లాటిన్ 'ఓవిస్', ఇంగ్లీషువారు ఆడగొర్రెను పిలిచే 'యూ' దాని తోబుట్టువులు. ఇంత గొప్ప వంశమున్నా హిందీ వాడుకలో అది నిలువలేదు. నిలిచినది 'గడ్డర' శబ్దం: గొర్రె 'గాడర్' అయింది, కాపరి 'గడరియా' అయినాడు. 'ఏడక' అన్నదానినైతే సంస్కృతం ద్రావిడం నుండి తీసుకొన్నదని కొందరు భాషావేత్తల మతం. తెలుగు 'ఏట'ను వారు దానికి చుట్టంగా చూపుతారు. ఏట అంటే పొట్టేలే. గొర్రెకు పరువు తెద్దామని బయలుదేరినవాడు తన ఊరి పొట్టేలుకే ఎదురుపడ్డాడన్నమాట!

అసలు నష్టం నుడికారంలో జరుగుతుంది. 'భేడియా' అంటే తోడేలు. అదీ భేడ్ నుంచి వచ్చిన మాటే. కాని 'భేడియాధసాన్' అన్న పలుకుబడిలో తోడేలు లేదు. ముందరి గొర్రె ఎటు పడితే మందంతా అటే పడడం దాని అర్థం. నిఘంటువును సగం చూచి తోడేళ్ళని వ్రాస్తే, మూలకర్త గుడ్డి అనుకరణను వెక్కిరించిన వాక్యం క్రౌర్యాన్ని నిందించే వాక్యమైపోతుంది. ఆయన చెప్పని మాటకు తెలుగు పాఠకుడు ఆయననే బాధ్యుణ్ణి చేస్తాడు. సంస్కృతంలో దీనినే గడ్డరికాప్రవాహమన్నారు. తెలుగులో 'గొర్రెదాటు' ఉండగా దానికోసం కూడా అంత దూరం పోనక్కరలేదు.

మూలంలో నిజంగా ఆడదానినే ఉద్దేశించిన చోట్లు లేకపోలేదు. అక్కడ మన మందలవారి మాటలే ఉన్నాయి: చూడిగొర్రె, ఈనిన గొర్రె.