గ్రంథాలయము చిరువర్తకునకు పడిన బాకీ

పురపాలక సంఘమునకు అంగడికి ఆస్తిపన్ను చెల్లించి రసీదు పుచ్చుకొనిన వర్తకుడు ఆ రసీదును ఒకమారు నిదానముగ చదివినచో, అసలు పన్ను క్రింద చిన్న మొత్తముగ మరియొక పద్దు వ్రాయబడి యుండుట గమనింపగలడు. అది గ్రంథాలయ సెస్సు. 1960వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టము ననుసరించి, ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల వంతున పంచాయతీలును, పురపాలక సంఘములును, నగరపాలక సంస్థలును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలసిన ధనమది. రాష్ట్రము రెండైన పిదప కూడ ఉభయ రాష్ట్రములందును ఈ యేర్పాటు కొనసాగుచునే యున్నది. కిరాణా కొట్టు, పిండిమర, దర్జీ దుకాణము, టిఫిను హోటలు, ఇనుప సామానుల అంగడి, వీనిలో ఈ పద్దునుండి తప్పించుకొనినది యొక్కటియు లేదు. సొంతకట్టడము లేనివాడు అద్దెలో కలిపి ఇంటి యజమాని ద్వారా చెల్లించుచున్నాడు.

ఇన్ని యేండ్లుగా కట్టుచు వచ్చిన యీ పన్నుకు బదులుగ ఆ వర్తకునకు ముట్టినదేమి? ఉదయమున పత్రిక చదువుకొనుటకు బల్లయు, పిల్లలకు కథల పుస్తకములును, తీరిక గల పెద్దలకు నవలలును గ్రంథాలయమున నున్న మాట నిజమే. అతని వృత్తికి, అతని అంగడికి, అతడు అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడికి ఉపకరించునది మాత్రము అక్కడ దాదాపుగ లేదు. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయమునందును చిన్న వ్యాపారులకును, స్వయముగ వృత్తి నారంభింపదలచు వారికిని ప్రత్యేకమైన సమాచార విభాగము నెలకొల్పవలెననియు, దానికి గ్రంథాలయ సెస్సు నుండియే ధనము కేటాయింపవలెననియు మా నిశ్చితాభిప్రాయము. ప్రభుత్వములు దీనిని కొత్త దానముగ భావింపనక్కరలేదు. పాత బాకీగ భావించి తీర్చిన చాలును.

నేడు ఏ జిల్లా కేంద్ర గ్రంథాలయమునకు పోయి చూచినను చదువుగది నిండియే యుండును. ప్రభుత్వోద్యోగ పరీక్షలకు సిద్ధపడు యువతీయువకులు తలుపు తీయక మునుపే వచ్చి, తమ పుస్తకములు తామే తెచ్చుకొని, మధ్యాహ్నపు టన్నము డబ్బాలో పెట్టుకొని, చీకటిపడు దాక ఆ కుర్చీలను అంటిపెట్టుకొని యుందురు. ఇంట చోటు లేని పిల్లలకు ఆ నీడయు ఆ నిశ్శబ్దమును ఎంతటి యుపకారమో మాకు తెలియును. వారిలో నొక్కరినైనను అక్కడనుండి కదలింపుమని మేము కోరము. ఐతే అన్ని వేలమంది వ్రాయు పరీక్షలో ఉద్యోగము దొరకునది కొందరికే. తక్కినవారు, కొన్ని యేండ్లు గడచిన పిదప, ఏదో యొక చేతిపనినో చిన్న వ్యాపారమునో ఆశ్రయించి బ్రతుకవలసిన వారే. ఉద్యోగము కొరకు చదివినన్నాళ్లు నీడ నిచ్చిన గ్రంథాలయము, ఆ యువకుడే తనకును మరి నలుగురికిని పని కల్పించుకొనబూనిన నాడు చెప్పుట కేమియు లేక చేతులు ముడుచుకొని కూర్చుండినచో, తన ధర్మమును సగమే నెరవేర్చినట్లగును.

చిన్న వ్యాపారి చెడుటకు పెట్టుబడి చాలమియే కారణమని లోకము తలచును. సమాచారము చాలమి అంతకు తీసిపోని కారణము. గోదావరి తీరమున ఆత్రేయపురములో, బోర్లించిన కుండను క్రింద మంటతో వేడిచేసి, బియ్యపుపిండి జారులో గుడ్డ ముంచి దానిపై పరచి, పొరపొరగ రేకులు తీయు స్త్రీల సంగతి చూతము. వారి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది, ఊరంతయు సంతోషించినది. కాని సంఘము పేర వచ్చిన ఆ గుర్తింపు వలన ఇంట కూర్చుండి రేకులు తీయు ఆమెకు ఆ చిహ్నమును వాడు హక్కు దానంతట రాదు. ఆమె అధీకృత వినియోగదారుగ వేరుగ నమోదు కావలెను. అందుకు రుసుము, 2020లో సవరించిన నియమముల ప్రకారము, 10 రూపాయలు మాత్రమే. ఉప్పాడ జాందానీ నేతగానికిని, పోచంపల్లి ఇక్కత్ నేతగానికిని ఇదియే విధి. దరఖాస్తు ఎచ్చట దొరకునో, ఏ గడిలో నేమి వ్రాయవలెనో, ఏయే కాగితములు జతపరుపవలెనో చెప్పి, ప్రక్కన కూర్చుండి వ్రాయించు మనిషి ఊరిలో లేనప్పుడు పది రూపాయల హక్కు పదివేల రూపాయల హక్కువలెనే అందనిదగును.

మరియొకని చూతము. పారిశ్రామికవాడలో ఒక లేతు యంత్రము పెట్టుకొని పెద్ద కంపెనీకి విడిభాగములు చేసి యిచ్చుచున్నాడు. సరకు పోయినది, బిల్లు సొమ్ము రాలేదు. నెలలు గడచుచున్నవి, ఇతడు వడ్డీకి తెచ్చి పనివాండ్రకు జీతములిచ్చుచున్నాడు. 2006వ సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము, ఒప్పందములో ఏమి వ్రాసికొనినను ఇట్టి చిన్న ఉత్పత్తిదారుని బాకీని 45 దినములకు మించి నిలుపరాదనియు, నిలిపినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకురేటుకు మూడింతల రేటున చక్రవడ్డీ చెల్లింపవలెననియు స్పష్టముగ శాసించుచున్నది. వివాదమును తీర్చుటకు మండలియు కలదు. అట్టి చట్టమొకటి తన పక్షమున నున్నదని ఆ లేతుపనివాడు విననే లేదు. వినినను, ఆ రక్షణ పొందుటకు సరకు పంపుటకు మునుపే ప్రభుత్వపు ఉద్యమ్ నమోదు చేయించుకొని యుండుట మేలన్న సంగతి తెలియదు. 2020 జూలై 1 నుండి అమలులో నున్న ఆ నమోదుకు చిల్లిగవ్వ కూడ ఖర్చు లేదు. ఐనను దానికే వందలును వేలును గుంజుకొను దళారులును, ప్రభుత్వపు వెబ్‌సైటు వేషము కట్టిన నకిలీ వెబ్‌సైట్లును వర్ధిల్లుచుండుట మన కన్నులయెదుట జరుగుచున్న అన్యాయము. ఉచితముగ దొరకు వస్తువును అమ్మి బ్రతుకువాడు ఎక్కడ కనబడినను, అక్కడ ఉచితముగ పంచవలసిన సంస్థ తన పని చేయుటలేదని మనము గ్రహింపవలెను.

చేతిలో ఫోనుండగ గ్రంథాలయ మెందులకని అడుగువారు కలరు. ఫోనులో అన్నియు నున్నవి. నిజమును అబద్ధమును ఒకే వరుసలో, ఒకే వేషములో నున్నవి. నియమములు ఇంగ్లీషున నున్నవి. అవి న్యాయవాదుల పలుకుబడిలో నున్నవి. గత సంవత్సరపు నియమము ఈ సంవత్సరపు నియమమును కప్పివైచుచున్నది. పాఠకుని కాలమును కాపాడుట గ్రంథాలయ ధర్మములలో నొకటియని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే ప్రతిపాదించినారు. దినపుకూలి పోగొట్టుకొని కార్యాలయమునుండి కార్యాలయమునకు తిరుగు చిరువర్తకుని కాలముకంటె కాపాడదగిన కాలము మరి యెవరిది? ఏది నమ్మదగినదో, ఏది నేటికిని చెల్లునో ఏర్చి చూపు గ్రంథపాలకుని యవసరము ఫోను వచ్చిన పిదప పెరిగినదే కాని తగ్గలేదు.

వర్తకులకై గ్రంథాలయమున ప్రత్యేక విభాగ మనునది మేము కల్పించిన ఊహ కాదు. అమెరికాలోని న్యూవార్క్ నగరమున జాన్ కాటన్ డానా అను గ్రంథపాలకుడు 1904లోనే వర్తకుల కొరకు వ్యాపారవీథి నడుమ ప్రత్యేక శాఖను తెరిపించినాడు. లండనులోని బ్రిటిష్ లైబ్రరీ 2006లో వ్యాపార, మేధాసంపత్తి కేంద్రము నొకదానిని నెలకొల్పి, సామాన్యులు కొనజాలని విపణి నివేదికలను ఎవరు వచ్చి అడిగినను ఉచితముగ చూపుచున్నది. ఆ పద్ధతి పిదప ఆ దేశపు టితర నగర గ్రంథాలయములకును ప్రాకినది. వీనికంటె మన మనస్సునకు దగ్గరగ వచ్చు కథ చెస్టర్ కార్ల్‌సన్ అను నతనిది. న్యూయార్కులోని యొక కంపెనీలో పేటెంటు కాగితములు చూచు చిన్న యుద్యోగి అతడు. పేటెంటు పత్రముల ప్రతులు చాలినన్ని యెన్నడును లభింపకపోవుట, చేతితో నకళ్లు వ్రాయుట, ఫొటోలు తీయించుటకు సొమ్ము పెట్టుట, ఈ బాధ పడలేక, సాయంకాలములందు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి పోయి విజ్ఞానశాస్త్ర గ్రంథములు తిరుగవేయసాగినాడు. కాంతి తగిలినప్పుడు కొన్ని పదార్థముల విద్యుద్వాహకత మారునని చెప్పిన వ్రాతలు అతనికి ఆ గ్రంథాలయములోనే దొరకినవి. వాని నాధారము చేసికొని ప్రయోగములు సలిపి, 1938 అక్టోబరు 22న ఎండిన పొడితో మొదటి ప్రతిని తీసినాడు. ఆ ప్రతియే జిరాక్సు యంత్రమునకు మూలము. మన తెలుగు పట్టణములలో తహశీల్దారు కార్యాలయము ఎదుటను, కళాశాల గేటు ప్రక్కను జిరాక్సు దుకాణము పెట్టుకొని సంసారము నీదుచున్న వేలాది కుటుంబముల జీవిక, ఆ విధముగ, ఒక పౌర గ్రంథాలయపు బల్లపై పుట్టినది.

గ్రంథము సరకును పుట్టించుటయే కాదు, ఉన్న సరకును కాపాడును కూడ. గాయములు మాన్పుటకు పసుపు వాడు పద్ధతిపై 1995లో అమెరికాలో పేటెంటు జారియైనప్పుడు, మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి, 1997లో రద్దు చేయించినది. ఏ యాయుధముతో? పాత సంస్కృత గ్రంథముతోను, అచ్చుపడి బీరువాలలో నున్న వైద్యపత్రికల వ్యాసములతోను. దుగ్గిరాల యార్డులోను నిజామాబాదు మార్కెట్టులోను పసుపు కాటా వేయుచున్న రైతునకు, తన పంటపై పరుల పెత్తనము పడకుండ అడ్డుపడిన వానిలో గ్రంథములు కూడ నున్నవని ఎవరు చెప్పినారు?

మనకీ సంప్రదాయము కొత్తదా యనిన, కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన వారిలో ముఖ్యులైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, శాస్త్రములను తెలుగువాని వాకిటికి తేబూనినారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు పునాది వేసిన అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూర గ్రంథాలయము వెలయవలెనని తిరిగినప్పుడు, పండితుని కొరకు మాత్రమే తిరుగలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పడవలో పుస్తకములు పెట్టి ఒడ్డున నున్న పల్లెలకు పంపినారు. వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనము, 1929లో గాంధీజీ భవనమునకు శంకుస్థాపన చేసిన ఆ గ్రంథాలయము, మగ్గముల చప్పుడు వినవచ్చు ఊరిలో నున్నది. పాఠకుడు రాలేనిచో అతడున్న చోటికే పుస్తకమును పంపవలెనని తలచిన ఆ పెద్దల వారసులము మనము; సంతకును, చేనేతవాడకును, డ్వాక్రా సంఘపు సమావేశమునకును నేడు సమాచారమును పంపుటకు సందేహించుట మనకు తగదు.

గ్రంథాలయము సరస్వతీ నిలయము, అందు లాభనష్టముల ప్రసంగము కూడదని కొందరు పెద్దలు నొచ్చుకొనవచ్చును. వారి గౌరవభావమును మేము మన్నింతుము. వారి వాదమును మాత్రము అంగీకరింపము. మన పల్లెలలోను పట్టణములలోను గ్రంథాలయములకు స్థలము లిచ్చి, బీరువాలు కొనిపెట్టి, చందాలు వ్రాసినవారిలో వర్తకులు తక్కువవారు కారు. వారి ధనము ఆ గుమ్మములోనికి పోవచ్చును గాని వారి ప్రశ్న పోరాదనుట న్యాయము కాదు. కూటికి లేని యింట పుస్తకమునకు చోటుండదు. చేతివృత్తి నిలిచిన ఇంటనే మరుసటి తరము చదువునకు పోవును.

చేయవలసిన పని అసాధ్యమైనది కాదు. మొదట, స్థానిక సంస్థలు వసూలు చేసియు జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమకట్టక తమ యితర ఖర్చులకు వాడుకొనుచున్న సెస్సు బకాయిలను ప్రభుత్వములు గడువు పెట్టి రాబట్టవలెను. ఒక ప్రయోజనమునకని ప్రజలనుండి పుచ్చుకొనిన పన్నును ఆ ప్రయోజనమునకు దక్కనీయకుండుట క్షమింపరాని తప్పు. ఏండ్ల తరబడి ఖాళీగ నున్న గ్రంథపాలకుల పోస్టులను భర్తీ చేయవలెను. జిల్లాకు ఒక్కరినైనను వ్యాపార సమాచారమున తర్ఫీదు చేయవలెను. ఒక గది, రెండు కంప్యూటర్లు, ముద్రణ యంత్రము, సరళమైన తెలుగులో వ్రాసిన కరదీపికలు, ఇంతకంటె ఎక్కువ మొదట అక్కరలేదు. జిల్లా పరిశ్రమల కేంద్రపు అధికారియు, లీడ్ బ్యాంకు ప్రతినిధియు వారమునకొక పూట తమ కార్యాలయమును వదలి ఆ గదిలో కూర్చుండవలెను. ఆ పూట సాయంకాలము కావలెను. పగలు అంగడి విడిచి రాలేని వానికి పగటి వేళల గ్రంథాలయము మూసిన తలుపుతో సమానము. గ్రంథపాలకుడు వకీలును కాడు, ఆడిటరును కాడు, అప్పు నిప్పించువాడును కాడు. ఆ హద్దులను అతడు దాటరాదు. సరియైన కాగితమును, సరియైన చిరునామాను, సరియైన నియమమును చూపుటతో అతని కర్తవ్యము తీరును.

ఉభయ రాష్ట్రములలోను కొత్త సంస్థలకు ఊతమిచ్చుటకు పెద్ద పెద్ద భవనములు లేచినవి. 2015లో హైదరాబాదున ఆరంభమైన టీ-హబ్ వంటివి చేయు మేలును మేము కొనియాడుదుము. ఐనను చదువుకొనిన యువకుని ఆలోచనకు లభించు ఆదరణలో పదవ వంతైనను అప్పడములు ఒత్తు ఆమెకును, కొయ్యబొమ్మలు చెక్కు అతనికిని లభింపవలదా? వారి యూరినుండి ఆ భవనమునకు చాల దూరము. గ్రంథాలయమునకు దూరము లేదు.

ప్రభుత్వము కదలు దాక పాఠకులు వేచియుండనక్కరలేదు. ఈసారి పన్ను కట్టినప్పుడు రసీదులో గ్రంథాలయ సెస్సు ఎంతయో చూచుకొనుడు. ఆ రసీదును చేతపట్టుకొని మీ యూరి గ్రంథాలయమునకు పోయి, మీ వ్యాపారమునకు కావలసిన సమాచార మేమున్నదో అడుగుడు. లేదని చెప్పినచో, ఆ మాటను అచ్చటి సలహాల పుస్తకమున మీ సంతకముతో వ్రాసి రండు.