ముక్కు దిబ్బడకు అజిత్రో ఎందుకు?

సాయంత్రం ఏడింటప్పుడు మన ఊళ్లలో ఏ మెడికల్ షాపు ముందైనా కాసేపు నిలబడితే ఈ బేరం కనిపిస్తుంది. ముక్కు దిబ్బడేసి, కనుబొమల మధ్య పోటుతో, వంగితే చెంపలు బరువెక్కుతున్నాయంటూ ఒకరు వస్తారు. "చీమిడి ఏ రంగులో వస్తోందండీ?" అని కౌంటరులో కుర్రాడు అడుగుతాడు. ఆకుపచ్చగా అంటే చాలు, మూడు మాత్రల అజిత్రోమైసిన్ అట్ట చేతిలో పెడతాడు. ఎన్నాళ్ల నుంచి అని అడగడు, షుగర్ ఉందా అని అడగడు, డాక్టరు చీటీ ఊసే ఎత్తడు. చీటీ లేకుండా వాడొద్దని చెప్పే ఎర్ర గీత ఆ అట్ట మీదే ఉంటుంది. ఆ గీత అర్థమేమిటో కేంద్ర ప్రభుత్వం 2016లో దేశమంతా ప్రచారం చేసింది కూడా.

తప్పు ఆ కుర్రాడిదొక్కడిదే కాదు. చీమిడి రంగు మారితే ఇన్‌ఫెక్షన్ ముదిరినట్టేనని, యాంటీబయాటిక్ పడకపోతే తగ్గదని మనమంతా నమ్ముతున్నాం. చదువుకున్న ఇళ్లలో ఈ నమ్మకం ఇంకా గట్టిగా ఉంది. అది తప్పు. ముక్కులో క్రిములతో పోరాడటానికి వచ్చే తెల్ల రక్తకణాల్లో ఇనుముతో కూడిన ఒక ఎంజైము ఉంటుంది. దాని రంగే ఆకుపచ్చ. మామూలు వైరస్ జలుబులోనూ నాలుగైదు రోజులకు ఆ కణాలు పోగుపడి చీమిడి చిక్కబడుతుంది, రంగు తిరుగుతుంది. శరీరం తన పని తాను చేస్తోందని మాత్రమే ఆ రంగుకు అర్థం. పెద్దవాళ్ల జలుబుల్లో బాక్టీరియా సైనసైటిస్‌గా మారేవి నూటికి రెండుకు మించవు. వైరస్‌ను అజిత్రో ఏమీ చేయలేదు.

"వేసుకున్నాను, తగ్గింది కదా" అంటారు. వేసుకోకపోయినా తగ్గేదే. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 166 మంది సైనస్ రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. సగం మందికి పది రోజులు అమాక్సిసిలిన్, మిగతా సగానికి మందు లేని ఉత్తి మాత్రలు ఇచ్చారు. నొప్పికీ దిబ్బడకూ వాడే మామూలు మందులు అందరికీ ఇచ్చారు. మూడో రోజుకు రెండు గుంపుల మధ్యా తేడా లేదు. ఏడో రోజున యాంటీబయాటిక్ వాళ్లు కాస్త ముందున్నారు, అది దాచాల్సిన పని లేదు. పదో రోజుకు మందు వేసుకున్నవాళ్లలో 78 శాతం, వేసుకోనివాళ్లలో 80 శాతం నయమైందన్నారు. నిజంగా బాక్టీరియా చేరిన సైనస్‌కు కూడా అజిత్రోను మొదటి మందుగా వాడొద్దని అమెరికా అంటురోగ నిపుణుల సంఘం అదే ఏడాది చెప్పింది. న్యుమోకాకస్ క్రిమి దానికి అంతగా మొండికేసింది.

"రేపు పనికి పోకపోతే కూలి పోతుంది, మేం ఓపిక పట్టలేం" అనేవాళ్ల మాట మాత్రం తీసిపారేయదగ్గది కాదు. ఆ తలపోటు నిజమైన బాధ. కానీ దాన్ని ఆ రాత్రికి తగ్గించే సాధనం ఇంట్లోనే, ఇంకా చవగ్గా ఉంది.

చెంప ఎముక లోపలి సైనస్ గదికి ద్వారం కింద ఉండదు, పైభాగాన ఉంటుంది. లోపలి ద్రవాన్ని సన్నని నూగు లాంటి కేశాలు ఎదురెక్కించి బయటికి పంపాలి. పొర వాస్తే ఆ సన్నని దారి మూసుకుపోతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఉప్పు నీళ్లతో ముక్కు కడిగితే చిక్కటి చీమిడి కొట్టుకుపోతుంది, ఊపిరి ఆడుతుంది. మన యోగాభ్యాసంలో జలనేతి ఎప్పటి నుంచో ఉన్నదే. అర లీటరు నీళ్లు బాగా మరిగించి గోరువెచ్చగా చల్లార్చి, తలకొట్టిన చెంచాకు కాస్త తక్కువగా మెత్తటి ఉప్పు, చిటికెడు తినే సోడా కలపాలి. సింకు మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోటితో ఊపిరి తీస్తూ పై ముక్కులో పోస్తే కింది ముక్కులోంచి కారిపోతుంది. మొదటిసారి కాస్త బెరుకుగా ఉంటుంది, అంతే. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పచ్చివి మాత్రం వద్దే వద్దు. 2011లో లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడును తినే అమీబా సోకి చనిపోయారు.

దీంతో పాటు నొప్పికి పారాసెటమాల్, రాత్రి ఎత్తు దిండు. దిబ్బడ తగ్గించే ముక్కు చుక్కలు మూడు నాలుగు రోజులు దాటి వాడితే ఆ చుక్కలే దిబ్బడ తెస్తాయి. ఆవిరి పడితే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, కాదనను. ఇంగ్లండ్ వైద్యులు 2016లో ప్రచురించిన పరీక్షలో మాటిమాటికీ సైనస్ తిరగబెట్టేవాళ్లకు ఉప్పు నీళ్లు మేలు చేశాయి, ఆవిరి చెప్పుకోదగ్గ మేలేమీ చేయలేదు. పసిపిల్లలున్న ఇంట్లో మరిగే గిన్నె మీద దుప్పటి కప్పుకోవడమంటే నాకు భయమేస్తుంది.

ఇంట్లో కూర్చోకూడని సందర్భాలున్నాయి. పది రోజులైనా తగ్గుముఖం పట్టకపోయినా, తగ్గి మళ్లీ తిరగబెట్టినా, 102 డిగ్రీల జ్వరంతో చీము లాంటి చీమిడి మూడు నాలుగు రోజులు వదలకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అప్పుడు యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు. కంటి చుట్టూ వాపు, వస్తువులు రెండుగా కనపడటం, మెడ బిగుసుకోవడం ఉంటే ఒక్క పూట కూడా ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2021లో ఎక్కువగా షుగర్ ఉన్నవాళ్లకే సోకి, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నింపేసిన బ్లాక్ ఫంగస్ చాలామందిలో ముక్కు దిబ్బడతో, చెంప నొప్పితోనే మొదలైంది.

అజిత్రో విషయంలో నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, టైఫాయిడ్ వచ్చిన పిల్లలకు నోటి ద్వారా ఇవ్వగల మందుల్లో పని చేస్తున్నవి ఇప్పుడు కొన్నే. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి మన దేశంలో చాలావరకు పట్టు కోల్పోయాయి. మిగిలినవాటిలో ముఖ్యమైనది అజిత్రోనే. దానికీ లొంగని టైఫాయిడ్ క్రిమి బంగ్లాదేశ్‌లో ఇప్పటికే కనిపించింది. అవసరం లేని జలుబులకు దాన్ని మింగిన ప్రతిసారీ మన ఒంట్లోని క్రిములకు దాన్ని తట్టుకోవడం అలవాటు చేస్తున్నాం. ఆ మాత్ర కూడా పనికిరాకుండా పోతే జ్వరమొచ్చిన పిల్లాడిని ఆసుపత్రిలో పడుకోబెట్టి రోజుల తరబడి నరానికి మందు ఎక్కించాలి. అప్పుడు మంచం పక్కన కూర్చుని కూలి పోగొట్టుకునేది తల్లిదండ్రులే.