ప్రూని చంపిందెవరు?

చార్మ్‌డ్ సీరియల్ చూసినవాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే పది నిమిషాల్లో మొదలయ్యే గొడవ ఒకటుంది. మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో ప్రూని చంపడం న్యాయమేనా? ఆ ఎపిసోడ్ అమెరికాలో ప్రసారమైంది 2001 మే 17న. ఇన్నేళ్ళయినా ఆ వాదన చల్లారలేదు. ఆ రోజుతో సీరియల్ చూడ్డం మానేసినవాళ్ళు, తిట్టుకుంటూనే మిగతా అయిదు సీజన్లూ పూర్తి చేసినవాళ్ళు, అసలు నాలుగో సీజన్ నుంచే మొదలుపెట్టి "ప్రూ ఎవరు?" అని అడిగేవాళ్ళు... ఎవరి వాదన వాళ్ళది. ప్రేక్షకుల కోపం సరైనదే అని నా అభిప్రాయం. కాకపోతే ఆ కోపం వెళ్ళాల్సిన అడ్రస్ అది కాదు. ఎపిసోడ్ బాగుంది, చాలా బాగుంది. చెయ్యకూడని పని చేసింది ఆ తర్వాతే.

చూడనివాళ్ళ కోసం కాస్త కథ చెప్పాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో హాలివెల్ అనే ఇంటిపేరున్న ముగ్గురు అక్కచెల్లెళ్ళు. అమ్మమ్మ పోయాక ఆ పాత ఇంట్లో అటక మీద ఒక మంత్రాల పుస్తకం దొరుకుతుంది, తాము మంత్రగత్తెలమని తెలుస్తుంది. పెద్దది ప్రూ, చెయ్యి విసిరితే మనుషులు గాల్లో ఎగిరిపడతారు. నడిపిది పైపర్, ఎదుట ఉన్నవాటిని కదలకుండా ఆపేస్తుంది. చిన్నది ఫీబీకి జరగబోయేది ముందే కనబడుతుంది. ముగ్గురూ కలిస్తేనే అసలు బలం. మన జానపద సినిమాల్లో మంత్రగత్తె అంటే జుట్టు విరబోసుకుని వికటాట్టహాసం చేసే మనిషే కదా. ఇక్కడ వాళ్ళే హీరోయిన్లు. పగలు ఉద్యోగం, రాత్రి రాక్షస సంహారం. మనలాంటి రెండు షిఫ్టుల జనానికి నచ్చడంలో వింతేముంది :) ప్రూగా షానెన్ డోహర్టీ, పైపర్‌గా హాలీ మేరీ కోంబ్స్, ఫీబీగా అలీసా మిలానో. 1998 అక్టోబరు నుంచి 2006 మే దాకా మొత్తం 178 ఎపిసోడ్లు నడిచింది.

ఇక గొడవకి మూలమైన ఎపిసోడ్, పేరు ఆల్ హెల్ బ్రేక్స్ లూజ్. ఒక డాక్టర్ని చంపడానికి షాక్స్ అనే రాక్షసుడు సుడిగాలిలా వీళ్ళింటికే వస్తాడు. ప్రూనీ పైపర్‌నీ గోడలోంచి అవతలికి విసిరికొడతాడు. ఫీబీ మెట్లమీంచి మంత్రం చదివితే దెబ్బతిని పారిపోతాడు. పైపర్ భర్త లియోకి గాయాలు మాన్పే శక్తి ఉంది కాబట్టి అక్కలిద్దరూ బతుకుతారు. ఆ తర్వాత ఫీబీ తన ప్రియుడు కోల్ కోసం పాతాళలోకానికి వెళ్తుంది. ఇక్కడ ప్రూ, పైపర్ షాక్స్‌ని తరుముకుంటూ వీధిలోకొచ్చి మంత్రాలు ప్రయోగిస్తారు. ఎదురుగా టీవీ కెమెరా ఉంది!

అక్కణ్ణించి ఎపిసోడ్ పరుగే పరుగు. మూడేళ్ళు దాచుకున్న రహస్యం క్షణంలో దేశమంతా చూసేస్తుంది. ఇంటి చుట్టూ జనం, వార్తల వ్యాన్లు. వాళ్ళలో భక్తులున్నారు, శాపనార్థాలు పెట్టేవాళ్ళున్నారు, వినోదం చూడ్డానికొచ్చినవాళ్ళున్నారు. ఆ జనంలోంచి ఒకావిడ తుపాకీ పేలుస్తుంది, పైపర్ ఆసుపత్రిలో చనిపోతుంది. వందమంది రాక్షసుల్ని చంపిన మనిషి, మామూలు మనిషి చేతిలో పోయింది. సీరియల్ మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టిన అరగంట అదే. చేతబడి చేసిందన్న ఒక్క మాటమీద మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలుగు పేపర్లలో చదివినవాళ్ళకి, ఆ ఇంటి ముందు జనాన్ని చూస్తే ఇది ఫాంటసీ అనిపించదు. ప్రూ చావు గురించి మాట్లాడేవాళ్ళు ఆ జనం గురించి ఇంకాస్త మాట్లాడితే బాగుండేది.

పైపర్‌ని బతికించాలంటే కాలాన్ని వెనక్కి తిప్పాలి. ఆ పని చెయ్యగలిగే టెంపస్ అనే వాడు శత్రుపక్షంలో ఉన్నాడు. ఫీబీ పాతాళంలోనే, వాళ్ళ వైపే ఉండిపోతే సరేనని అక్కడి రాజు బేరం పెడతాడు. ఫీబీ ఒప్పుకుంటుంది. కాలం వెనక్కి వెళ్తుంది. మళ్ళీ అదే ఇల్లు, అదే డాక్టరు, అదే సుడిగాలి. ప్రూ, పైపర్ గోడలోంచి ఎగిరి అవతల పడతారు. మెట్లమీద ఫీబీ లేదు, మంత్రం చదివే మనిషి లేదు. డాక్టర్ని కిటికీలోంచి బయటికి విసిరేస్తాడు. ఇంటి తలుపు ధడాలున మూసుకుంటుంది. అంతే, సీజన్ అయిపోయింది. ఎవరు బతికారో ఎవరు పోయారో చెప్పలేదు.

ప్రేక్షకులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఒకసారి కాలాన్ని వెనక్కి తిప్పినవాళ్ళు ప్రూ కోసం మళ్ళీ ఎందుకు తిప్పలేదు? దీన్ని పిల్లల ప్రశ్న అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేనలా అనుకోను. మాయలున్న కథకి తర్కం అక్కర్లేదనుకోవడం పొరపాటు. మాయలున్న కథకే తర్కం ఎక్కువ కావాలి. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని ఒకసారి చెప్పాక, మధ్యలో కత్తితో పొడిచి చంపేస్తే చిన్నపిల్లాడు కూడా ఒప్పుకోడు. చిలక సంగతేంటి అని అడుగుతాడు. ప్రేక్షకులు అడిగింది కూడా చిలక సంగతే.

కానీ సమాధానం ఎపిసోడ్‌లోనే ఉంది. మన భాషలో చెప్పాలంటే అది రోల్‌బ్యాకే, కానీ వాళ్ళ సర్వర్ మీద, వాళ్ళ అడ్మిన్ చేతిలో. అక్కచెల్లెళ్ళకి ఆ యాక్సెస్ ఎప్పుడూ లేదు. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ (1999 మే) గుర్తుంటే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ కూడా ఇదే టెంపస్ ఒకే రోజుని మళ్ళీ మళ్ళీ తిప్పుతుంటాడు, తన మనిషి ముగ్గుర్నీ చంపేదాకా. చివరికి ఆ చక్రాన్ని తెంపితే, ఆ రోజు చనిపోయిన ఆండీ (ప్రూ ప్రేమించిన పోలీసు) ఇక తిరిగిరాడు. అంటే 1999లోనే రూల్ రాసిపెట్టారు. కాలం వెనక్కి తిరగడం వీళ్ళకి వరం కాదు, ప్రతిసారీ ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలి. 2001లో జరిగింది ఆ రూల్ ప్రకారమే. డేటా అంతా పాత స్థితికి వచ్చింది, ఒక్క ఫీబీ తప్ప. ఆ ఒక్కటీ లేకపోతే సిస్టమ్ కూలిపోతుంది. నన్నడిగితే టీవీ ఫాంటసీల్లో ఇంత పకడ్బందీగా రాసిన చావులు తక్కువ. పైగా ఆ ఎపిసోడ్ దర్శకత్వం చేసింది షానెన్ డోహర్టీయే. తన పాత్ర ఆఖరి ఎపిసోడ్‌ని తనే తీసింది.

మరి కోపం సరైనదే అని ఎందుకన్నాను?

తలుపు మూసుకున్నాక 140 రోజులు గడిచాయి. ఈలోపు డోహర్టీ సీరియల్‌లో ఇక ఉండదన్న వార్త బయటికొచ్చేసింది. అంటే ప్రూ చనిపోయిందన్న సంగతి ప్రేక్షకులకి కథ చెప్పలేదు, వార్తలు చెప్పాయి. అక్టోబరు 4న నాలుగో సీజన్ మొదలయ్యేసరికి ప్రూ అప్పటికే శవపేటికలో ఉంది. తను పోయిన క్షణాన్ని మనం చూడలేదు. లియో ఎవర్ని ముందు ముట్టుకున్నాడు, ప్రూ ఆఖరిగా ఏమంది, పాతాళంలోంచి వచ్చిన ఫీబీ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఏమైంది, ఏదీ చూడలేదు. మూడేళ్ళు, 66 ఎపిసోడ్లు ఇంటికి పెద్దదిక్కుగా ఉన్న మనిషి రెండు సీజన్ల మధ్య సందులో పోయింది. చావు తప్పు కాదు. కడచూపు లేకపోవడం తప్పు. మనిషి పోయిన ఇంట్లో కడచూపు దక్కనివాళ్ళు ఏళ్ళ తరబడి ఎలా తల్లడిల్లుతారో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

అది చాలదన్నట్టు, తర్వాతి అయిదు సీజన్లలో డోహర్టీ మొహం కనబడకుండా ఎంత జాగ్రత్తపడ్డారో! ఈ సీరియల్‌లో చనిపోయిన అమ్మ వస్తుంది, చనిపోయిన అమ్మమ్మ వస్తుంది, పిలిస్తే చాలు కొవ్వొత్తుల మధ్యలో ప్రత్యక్షమై సలహాలిచ్చి పోతారు. ప్రూ మాత్రం రాదు. చెల్లెళ్ళు ఆ దుఃఖం నుంచి కోలుకోవాలి కాబట్టి ఇప్పుడే చూడకూడదని ఒక కారణం చెప్పారు. సరే, ఒక ఏడాదికి ఆ కారణం చెల్లుతుంది. అయిదేళ్ళకి? మాటల్లో ప్రూ పేరు వస్తూనే ఉంటుంది. పేరుంది, మనిషి లేదు.

మన ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి ఇది ఎక్కడో చూసినట్టు ఉంటుంది. శుక్రవారం దాకా పక్క సీట్లో కూర్చుని మన కోడ్ రివ్యూ చేసిన మనిషి సోమవారం కనబడడు. మెయిల్ పంపితే తిరిగొస్తుంది. మీటింగులో ఎవరూ ఆ పేరెత్తరు. ఎవరైనా ఎత్తితే మేనేజర్ గొంతు సవరించుకుని తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోతాడు. కోడ్‌లో మాత్రం ఫంక్షన్ల పైన అతను రాసిన కామెంట్లు అలాగే ఉంటాయి. ఉద్యోగం పోవడం అతని బాధ. అతను ఇక్కడ ఎప్పుడూ లేనట్టు నటించాల్సి రావడం మిగిలినవాళ్ళ బాధ. చార్మ్‌డ్ ప్రేక్షకులు కోపం అనుకుంటున్నది నిజానికి ఈ రెండో బాధే అని నాకనిపిస్తుంది.

ఆ కోపం ఎవరిమీదకి వెళ్ళిందో చూస్తేనే నాకు చిరాకు. ముందుగా బలైంది కొత్తగా వచ్చిన పేజ్ పాత్ర, ఆ పాత్ర వేసిన రోజ్ మెక్‌గోవన్. ప్రూ తిరిగిరావాలని పైపర్ రాత్రుళ్ళు అటక మీద కూర్చుని పుస్తకంలో ఉన్న మంత్రాలన్నీ చదువుతుంటే, వాటిలో ఒక మంత్రానికి ఎక్కడో పెరిగిన ఈ సవతి చెల్లెలు వచ్చి పడుతుంది. అక్క కోసం వెతికితే చెల్లెలు దొరికిందన్నమాట. మంచి ఊహ అది. అయినా చాలామందికి పేజ్ ఎప్పటికీ "ప్రూ సీట్లో కూర్చున్న మనిషి"గానే మిగిలింది. ఖాళీ అయిన సీటు చూపించి కూర్చోమంటే కూర్చున్న కొత్త జాయినీ ఏం చేస్తుంది పాపం!

తర్వాత బలైంది అలీసా మిలానో. సెట్‌లో ఇద్దరికీ పడలేదన్నది పాత సంగతే. 2023 డిసెంబరులో డోహర్టీ తన పాడ్‌కాస్ట్‌లో, కోంబ్స్ కూడా పక్కనుండగా, తనని తీసేశారని చెప్పింది. తన వల్లే తీసేశారన్న మాటని మిలానో 2024 ఫిబ్రవరిలో కాదంది. ఆ వెంటనే ప్రేక్షకులు మళ్ళీ రెండు జట్లు. ఇరవై ఏళ్ళ కిందట ఒక షూటింగ్‌లో ఎవరు ఎవరితో ఏమన్నారో చూసొచ్చినట్టే తీర్పులు. 2024 జులై 13న డోహర్టీ క్యాన్సర్‌తో చనిపోయింది, 53 ఏళ్ళకే. ఆ రోజు కూడా సంతాపాల మధ్యలో ఇదే లెక్క తేల్చుకుంటున్నవాళ్ళు కనబడ్డారు. నటుల గొడవ నటులది. ప్రేక్షకుడిగా నాకు బాకీ ఉన్నది కథ రాసినవాళ్ళు. మనిషి వెళ్ళిపోవడం వాళ్ళ చేతిలో లేకపోవచ్చు. వెళ్ళిన మనిషిని తల్చుకోవడం వాళ్ళ చేతిలోనే ఉంది.

వాళ్ళకి అది చేతకాక కాదు. నాలుగో సీజన్ మూడో ఎపిసోడ్ చూడండి, హెల్ హాత్ నో ఫ్యూరీ. అక్క పోయినప్పట్నించీ ఏడవకుండా బిగబట్టుకున్న పైపర్ కోపం ముదిరి నిజంగానే రాక్షసిగా మారుతుంది. తనని మామూలు మనిషిని చెయ్యడానికి ఏ మంత్రమూ పనిచెయ్యదు. ప్రూ సమాధి దగ్గర నిలబడి, నన్నెందుకు వదిలేసిపోయావని అక్కని తిట్టి తిట్టి, ఏడుస్తూ కూలబడితేగాని ఆ రూపం పోదు. హాలీ మేరీ కోంబ్స్ నటన మీద ఎవరికైనా అనుమానముంటే ఆ ఒక్క సీను చాలు. ప్రేక్షకులు చెయ్యాలనుకున్నది ఆ సీన్లో పైపర్ చేసేసింది.

2006 మే 21న ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. గతంలోకి వెళ్ళారు, భవిష్యత్తులోకి వెళ్ళారు, అమ్మనీ అమ్మమ్మనీ తీసుకొచ్చారు, మనవళ్ళనీ మనవరాళ్ళనీ కూడా చూపించారు. అంత పెద్ద కుటుంబ సమ్మేళనంలో పెద్దక్క లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఒక మాట. మూడో సీజన్ ఆఖర్లో తలుపు మూసుకున్నాక నాకులాగా ఒళ్ళు మండుతుంది, రిమోట్ విసిరేయాలనిపిస్తుంది. ఆ సమాధి సీను దాకా ఓపిక పట్టండి, ఇంకో మూడు ఎపిసోడ్లే. తర్వాత చూడ్డం మానేసినా నేనేమీ అనను.