రాజుగారి కారు వారసత్వం, మన లారీ తుక్కా?

పోస్టు పొడుగైంది. తీరిగ్గా చదవండి, కోపమొస్తే కింద రాయండి, జవాబు చెప్తాం.

"ఆ పాత లారీని దొడ్లో పెట్టుకోని ఏం చేస్తారప్పా, గుజిరీకి వేసేయండి, కిలో లెక్కన మంచి రేటు వస్తాది" అని మాకు చెప్పనివాళ్లు మన సంఘంలో తక్కువ. మేమంటే ఎవరో అందరికీ తెలుసు. 1960ల నాటి టాటా మెర్సిడెస్ బెంజ్ లారీని ఇంటి దొడ్లో విప్పి, ఆదివారాలన్నీ దాని కిందే గడుపుతున్న ఐదుగురం. ఆ సలహా ఇచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లు నిలబడింది లారీ మీదే. నాయన స్టీరింగు పట్టాడు, మామ క్లీనర్‌గా తిరిగాడు, లేదా తాత ఒక్క బండితో ట్రాన్స్‌పోర్టు మొదలుపెట్టాడు. అందుకే ఆ మాట మాకు ఎక్కువ గుచ్చుకుంది.

మేం చెప్పదలుచుకున్నది ఒక్కటే. పాత కారును ముచ్చటగా, పాత లారీని తుక్కుగా చూసే చూపు చట్టంలో ఉంది, మన కళ్లలోనూ ఉంది. రెండుచోట్లా అది తప్పే. చట్టాన్ని మార్చమని అడుగుదాం. అంతకంటే ముందు మన చూపు మార్చుకుందాం.

ముందు చట్టం సంగతి. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నియమాల్లో 81ఎ చేర్చి, వింటేజ్ బండ్ల రిజిస్ట్రేషన్‌కు దేశమంతటికీ ఒక పద్ధతి పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి ఉండాలి. సొంత వాడకానికే ఉండాలి. చాసీ, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేమీ జరగకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కొత్త నంబరైతే రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరే ఉంచుకోవచ్చు. రోజూ తిప్పకూడదు, బాడుగకు అసలే కూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, డీజిల్ పోయించుకోవడానికి, రిపేరుకు రోడ్డెక్కొచ్చు. ఇంతవరకూ మంచి నియమమే, మేమూ మెచ్చుకుంటాం.

చిక్కంతా ఒక్క అక్షరం దగ్గరుంది. ఆ హోదా దొరికేది ద్విచక్ర వాహనాలకు, ఎం1 తరగతి బండ్లకు. ఎం1 అంటే డ్రైవరు కాక ఎనిమిది మందికి మించి కూర్చోని కార్లు, జీపులు. సరుకు మోసే బండ్లది ఎన్ తరగతి. ఆ అక్షరం అక్కడ లేదు. అంటే ఏమైనట్టు? దొరగారు వేటకు పోయిన కారు దేశానికి వారసత్వం. ఊరికి వడ్లు, ఉప్పు, ఎరువు మోసిన లారీ మాత్రం ఎన్నేళ్లు బతికినా వట్టి సరుకు బండే.

ఇది మాటవరసకు చెప్పే తేడా కాదు, చేతి చమురు వదిలే తేడా. మా బండి ఇక ఒక్క మూట కూడా మోయదని మేం రాసిచ్చినా, కాగితాల్లో అది గూడ్సు వాహనమే. రోడ్డెక్కాలంటే ఫిట్‌నెస్ కావాలి. 15 ఏళ్లు దాటిన భారీ బండ్లకు ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 12,500 రూపాయలు చేశారు. ఆ పరీక్షేమో రోజూ లోడు మోసే లారీ కోసం పెట్టింది. ఏడాదికి రెండుసార్లు ప్రదర్శనకు పోయొచ్చే ముసలి బండికీ అదే గీటురాయి. వింటేజ్ నియమం వచ్చిన ఆ 2021లోనే తుక్కు కేంద్రాల నియమాలు కూడా వచ్చాయి. పాత కారుకు రెండు దారులు తెరిచారు, ఒకటి ప్రదర్శనకు, ఒకటి తుక్కుకు. పాత లారీకి మిగిలింది రెండోదొక్కటే.

"లారీలో వారసత్వమేముంది?" అని అడిగేవాళ్లకు మన జిల్లా కథే జవాబు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా రెండు ముక్కలైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్ళారి, సిరుగుప్ప, హోస్పేట మైసూరు రాష్ట్రంలో చేరాయి. పిల్లనిచ్చిన ఊరు ఒక రాష్ట్రం, పంట అమ్ముకునే ఊరు ఇంకో రాష్ట్రం. ఆ మరుసటి ఏడాదే, 1954లో, టాటాల టెల్కో కంపెనీ జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీకి దిగింది. మద్రాసు పక్కన ఎన్నూరులో అశోక్ లేలాండ్ లారీలు తయారవుతున్న కాలం కూడా అదే. సరిహద్దు గీత, డీజిల్ లారీ మన ఇళ్లల్లోకి ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. గీత విడదీసినవాళ్లను లారీ కలిపింది. ఆదోని మార్కెట్టుకు పత్తి, సిరుగుప్ప వైపు నుంచి వడ్లు, పల్లెల నుంచి శనక్కాయలు. గుత్తి దాకా పోయే ఆ రోడ్డు మీద తిరిగిన డ్రైవరుకు రెండు భాషలూ వచ్చు, రెండు రాష్ట్రాల పర్మిట్ల బాధా తెలుసు. 1975లో నేషనల్ పర్మిట్ పద్ధతి వచ్చేదాకా సరిహద్దు దాటడమంటే కాగితాల కట్టతో కుస్తీయే. మన సభల్లో బళ్ళారి రాఘవను తలుచుకుంటాం, ధర్మవరం రామకృష్ణమాచార్యుల పేరు చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ ఈ గడ్డ మీద తెలుగు మాట రంగస్థలం మీదొక్కటే బతకలేదు, లారీ క్యాబిన్లో కూడా బతికింది.

ఇక 'అసలు రూపం' అనే మాట. ఇక్కడే చట్టానికి లారీ అర్థం కాలేదని తేలిపోతుంది. కారు ఫ్యాక్టరీలోంచి రంగుతో, సీట్లతో పూర్తిగా తయారై వస్తుంది. ఆ కాలంలో లారీ అట్లా వచ్చేది కాదు. కంపెనీ ఇచ్చేది చాసీ, ఇంజను, ముందు భాగం. డ్రైవరు చెక్కపెట్టె మీద కూర్చుని దాన్ని ఊరికి తోలుకొచ్చేవాడు. క్యాబిన్, తొట్టి కట్టింది మన వడ్రంగి, మన కమ్మరి, మన టింకరు. రంగులు వేసి, ఒకపక్క కన్నడం, ఇంకోపక్క తెలుగు రాసింది మన పెయింటరు. చెక్క కుళ్లితే కొత్త పలకలు, కమాన్ పట్టీ విరిగితే కొత్త పట్టీ. పెట్రోలు ఇంజను గిట్టుబాటు కాకపోతే దాన్ని దించేసి, మద్రాసు సింప్సన్ కంపెనీ తయారుచేసిన పెర్కిన్స్ డీజిల్ ఇంజను ఎక్కించిన డాడ్జ్, ఫార్గో బండ్లు ఎన్నో. మార్పే దాని బతుకు. అలాంటి బండిని పట్టుకుని "ఏ మార్పూ జరిగుండకూడదు" అంటే, బతికుండటమే దాని నేరమని చెప్పినట్టు. లారీకి అసలు రూపమంటే చాసీ నంబరు, ఇంజను వంశం, ఆ కాలపు పద్ధతిలో కట్టిన తొట్టి. నియమం లారీకి తగ్గట్టు రాయడం కష్టమేమీ కాదు, రాయాలనుకోవాలంతే.

ఇంట్లోనే ఎందుకు, షెడ్డుకు ఇచ్చేయొచ్చు కదా అంటారు. ఇప్పటి షెడ్డులో కంప్యూటరు పెట్టి తప్పేదో చూస్తారు, పార్టు మారుస్తారు. మా బండికి మార్చడానికి పార్టు ఎక్కడుంది? కింగ్ పిన్ బుష్‌లు లేత్ మీద తీయించాలి. బ్రేకు లైనర్లు కొలిచి కోసి, రివిట్లు కొట్టాలి. పొద్దున్నే హీటర్ ప్లగ్ వేడెక్కేదాకా ఆగకుండా స్టార్టు కొడితే ఆ ఇంజను పలకదని తెలిసినవాడు పక్కనుండాలి. అట్లాంటి మిస్త్రీలు మన ఊళ్లో ఇంకా ఉన్నారు, అందరూ డెబ్బై దాటినవాళ్లే. వాళ్లు షెడ్డుకు పోరు, ఇంటికొస్తారు. మంచం వేసి, టీ ఇస్తే, కూర్చున్నచోటు నుంచే మా కుర్రాళ్ల చేత పని చేయిస్తారు. మేం బాగుచేసేది సగం బండిని, మిగతా సగం ఆ పనిని. బండి ఇంకో పదేళ్లు ఆగొచ్చు, పని ఆగదు.

మా మీద వచ్చే అభ్యంతరాల్లో గట్టివి మూడున్నాయి.

మొదటిది పొగ. ముసలి డీజిలు ఇంజను నల్లపొగ వదులుతుంది, నిజమే. అందుకే ఇట్లాంటి బండ్లను బాడుగకు తిప్పనివ్వమని మేం అడగడం లేదు. కారుకు పెట్టిన నిబంధనలే లారీకీ పెట్టండి, ఇంకా గట్టిగా పెట్టండి అంటున్నాం. ఏడాదికి కొన్ని కిలోమీటర్లు తిరిగే బండి పొగను, రోజూ తిరిగే వేల బండ్ల పొగను ఒకే తక్కెట్లో తూచడం న్యాయం కాదు.

రెండోది ఇరుగుపొరుగు. ఇళ్ల మధ్య సమ్మెట దెబ్బలు, వీధిలో నూనె మరకలు ఎవరు భరిస్తారు? ఈ మాట సబబు. పాత ఆయిలు మురుగు కాలువలో పోయడం పాపం, దాన్ని డ్రమ్ముకెత్తి ఆయిలు కొనేవాళ్లకు ఇవ్వాలి. చీకటి పడ్డాక సుత్తి ముట్టకూడదు. వీధిని ఆక్రమించకూడదు, సొంత దొడ్డి లేనివాళ్లు ఈ పనికి దిగకూడదు. ఈ మూడూ పాటించనివాణ్ని మేం వెనకేసుకు రాం.

మూడోది అన్నిటికంటే బరువైంది. "బళ్ళారిలో లారీ అంటే మైనింగు దుమ్ము, ఓవర్‌లోడు, రోడ్డు మీద చావులు. దానికి దండలు వేస్తారా?" అని ఒక సభ్యుడు అడిగారు. దండలు వేయడం లేదు. సండూరు కొండల నుంచి ఎర్రమట్టి రాత్రింబగళ్లు ఎట్లా పోయిందో, దారెంట పొలాలు ఎట్లా ఎర్రబడ్డాయో అందరం చూశాం. 2011 జులై 29న సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలు ఆపమంది. కొండలు అమ్ముకున్నవాళ్ల సంగతి దేశమంతా రాశారు. కంతులు కట్టలేక బండిని ఫైనాన్సువాళ్లకు అప్పగించిన లారీ ఓనరు గురించి, పని పోయి ఊరు వదిలిన డ్రైవరు గురించి ఎంతమంది రాశారు? లారీని తుడిచేస్తే ఆ దుమ్ము చరిత్ర తుడిచిపెట్టుకుపోదు, ఆ దుమ్ములో బతికినవాళ్ల జాడ మాత్రం పోతుంది. పాత లారీ పక్కన నిలబడి ఆ సంగతి కూడా చెప్దాం. మంచి ఒక్కటే చెప్పుకుంటే అది చరిత్ర కాదు, పెళ్లిచూపుల మాట.

బయట ఏం చేస్తున్నారో చూడండి. లేలాండ్ అనే పేరు ఇంగ్లండ్‌లో ఒక ఊరి పేరు. ఆ ఊళ్లో లారీలకు, బస్సులకు ప్రత్యేకంగా మ్యూజియం కట్టుకున్నారు. పాత లారీలు లండన్ నుంచి బ్రైటన్ దాకా వరుసకట్టి పోయే యాత్ర అక్కడ 1960ల నుంచీ నడుస్తోంది. మన దేశంలోనూ హర్యానాలోని తావడూ దగ్గర రవాణా వారసత్వ మ్యూజియం ఉంది. మరి మన దగ్గర? హైవే హోటళ్లకు కొత్త సరదా పట్టింది. పాత లారీ మూతిని గ్యాస్ కట్టరుతో కోసి గోడకు తగిలించి, దాని ముందు సెల్ఫీలు. మిగిలిన బండి తూకానికి పోతుంది. తాత తల నరికి గోడకు పెట్టి "మా తాతంటే మాకెంత ప్రేమో" అన్నట్టుంది. గుజిరీవాడే నయం, వాడు ప్రేమ నటించడు.

ఇక సంఘం చేయాల్సింది. మేం చందాలు అడగడం లేదు, మా బండి ఖర్చు మాదే. అడిగేది మూడు పనులు.

ఒకటి, ఒక రిజిస్టరు. బళ్ళారి, సిరుగుప్ప, సండూరు, క్యాంపుల్లోని మనవాళ్ల ఇళ్లల్లో, దొడ్లల్లో, చెట్ల కింద 50 ఏళ్లు దాటిన లారీలు ఎన్నున్నాయో రాసుకుందాం. చాసీ నంబరు, ఇంజను నంబరు, ఆర్‌సీ ఉందా లేదా, ఫోటో. ముఖ్యంగా ఆర్‌సీ. బండి అమ్మినా, మూలన పడేసినా ఆ కాగితాన్ని పారేయకండి. ఇక్కడ రిజిస్టరైన పాత బండికి రేపు ఏ హోదా రావాలన్నా మొదట అడిగేది అదే.

రెండు, ఒక అర్జీ. 81ఎ నియమంలో ఎన్ తరగతిని చేర్చమని, బాడుగకు వాడని 50 ఏళ్ల లారీకి వింటేజ్ హోదా ఇమ్మని, అసలు రూపం అంటే ఏమిటో లారీకి తగ్గట్టు నిర్వచించమని కేంద్ర శాఖకు, మన ఎంపీకి రాద్దాం. కన్నడ సోదరుల సంఘాలనూ కలుపుకుందాం. లారీకి భాషాభేదం లేదు. ఒక కార్యాలయంలో మేం ఈ సంగతి అడిగితే "ఇది కారు కాదు కదా" అని నవ్వారు. ఐదుగురు పోతే నవ్వుతారు, సంఘం లెటర్‌హెడ్ మీద పోతే చదువుతారు.

మూడు, మిస్త్రీల మాటలు. ఉగాది ఫ్లెక్సీల మీద పెట్టే ఖర్చులో ఒక్క ఫ్లెక్సీ తగ్గించండి చాలు. ఆ డబ్బుతో పాత మెకానిక్కులు, వడ్రంగులు, పెయింటర్లు పని చేస్తూ చెప్పే మాటల్ని వీడియో తీయిద్దాం. వేదిక మీద శాలువా కప్పి పంపడం కంటే అది వాళ్లకు పెద్ద మర్యాద.

వచ్చే సమావేశంలో ఈ మూడింటినీ తీర్మానాలుగా పెడుతున్నాం. ఒప్పుకోనివాళ్లు వచ్చి ఎదురుగా వాదించండి, వింటాం. అప్పటిదాకా మాత్రం, ఎవరి దొడ్లోనైనా ముసలి బండి ఉంటే, దయచేసి గ్యాస్ కట్టరువాణ్ని పిలవకండి. మాకు ఒక్క ఫోన్ చేయండి.