చెవి కింద గడ్డ

"మావారు మగ్గం నేస్తారు. చెవి కింద ఉసిరికాయంత గడ్డ లేచి ఏడాదయింది. నొప్పి లేదు. చుట్ట, బీడీ ఎరగరు. ఆపరేషనంటే మూతి వంకర పోతుందని భయపడి పట్టు వేయించుకుంటున్నారు. ఏం చేయమంటారు?" అని చీరాల నుంచి ఒక సోదరి వ్రాశారు.

అమ్మా, నోట్లో నీరూరించే లాలాజల గ్రంథులలో పెద్దవి మూడు జతలు. గవదబిళ్ళలు వచ్చినప్పుడు చెవి దగ్గర వాచేది వాటిలో అన్నిటికన్నా పెద్దది. అక్కడ లేచే గడ్డలలో దాదాపు అయిదింట నాలుగు కాన్సరు కావు. అయినా నొప్పి లేదు గనుక మంచిదేనని వూరుకోవద్దు. పొగాకుకు పేరుపడ్డ మీ వూళ్ళో కాన్సరంటే చుట్టే గుర్తుకు వస్తుంది కాని, ఈ గ్రంథుల కాన్సరు పొగ ఎరగని వారికీ వస్తుంది.

ముందు పట్టు మానిపించండి. గడ్డను ఎవరిచేతా నొక్కించవద్దు, కోయించవద్దు. ఆస్పత్రిలో సన్నని సూదితో కణాలు తీసి పరీక్షిస్తారు, స్కానింగు చేస్తారు. కాన్సరు కాదని తేలినా తీయించుకోమనే సాధారణంగా చెబుతారు. కొన్ని రకాలు ఏళ్ళ తరబడి వుండి కాన్సరుగా మారగలవు.

ఇక మూతి వంకర సంగతి. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి లోంచే పోతూ కొమ్మలుగా చీలుతుంది. అనుభవమున్న సర్జను ముందు దానిని వెదికి పట్టుకుని, కాపాడుతూ గడ్డ తీస్తాడు. కొన్నాళ్ళు ముఖం కాస్త బలహీనంగా వున్నా చాలామందికి సర్దుకుంటుంది. కాన్సరు నరాన్నే పట్టేస్తే మాత్రం దానినీ కోయక తప్పదు. మీవారు భయపడే వంకర ఆలస్యం వల్లనే రావచ్చునన్నమాట.

కాన్సరని తేలితే మెడలోని బిళ్ళలు కూడా తీయవలసి రావచ్చు. గడ్డ రకాన్ని బట్టి, తరవాత ఆరేడు వారాలు కిరణ చికిత్స ఇస్తారు. దానికి ముందే పళ్ళ డాక్టరుకు చూపించండి. నోరు ఎండిపోతుంది గనుక పళ్ళు త్వరగా పాడవుతాయి. మందుల చికిత్స ఎక్కువగా వ్యాధి ఇతర చోట్లకు పాకినప్పుడే. చికిత్స ముగిసినా ఏళ్ళ తరబడి చూపించుకుంటూ వుండాలి.

మీకు దగ్గరలో గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి వున్నది. రైలెక్కితే చెన్నైలో ముత్తులక్ష్మీ రెడ్డిగారి కృషితో 1954లో వెలసిన అడయారు కాన్సరు ఇన్‌స్టిట్యూటు వున్నది.

మగ్గం మీది చీర పూర్తయ్యాక వెళదామంటారేమో, వొప్పుకోకండి. ఈ వారమే బయలుదేరదీయండి. ఈలోగా గడ్డ గబగబా పెరిగినా, నొప్పి పుట్టినా, మూతి ఒక పక్కకు లాగినా ఒక్కరోజు కూడా ఆగవద్దు.