కాగితం పురుగుకు ఎన్ని కాళ్లు?



సండే స్కూల్లో చిన్నపిల్లల చేత కాగితాలతో పురుగులు చేయిస్తున్నామని తెలిసి కొందరు తల్లిదండ్రులు, "వాక్యం నేర్పే గంటలో ఈ కత్తిరింపులు దేనికి అయ్యగారూ?" అని అడిగారు. అడగవలసిన మాటే. ఇంకెక్కడ మానినా మన ఊళ్లలో మాత్రం ఈ పని మానకూడదని మా అభిప్రాయం.

మన దర్శి ప్రాంతంలో నాలుగేళ్ల బిడ్డ చెవిన 'పురుగు' అన్న మాట ఎలా పడుతుందో ఆలోచించండి. పురుగు పడింది, మందు తేవాలి, మందు కొట్టాలి. పత్తిలో గులాబీ రంగు పురుగు, మిరపలో తామర పురుగు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరినప్పుడు ఇళ్లలో ఏ మాటలు నడిచాయో మీకు తెలుసు. ఎన్ని మందులు మార్చినా అది లొంగలేదు, అప్పులు మిగిలాయి. పెద్దవారికి 1987-88 కూడా గుర్తుంటుంది. తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన ఆ ఏడాది గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఇంత బరువున్న మాటను పిల్లలు రోజూ వింటూ పెరుగుతున్నారు. వాళ్లకు పురుగంటే చంపవలసినది, అంతే.

కానీ అదే చేలో చంపకూడనివీ ఉన్నాయి కదా! అక్షింతల పురుగు పేనుబంకను తింటుంది. దాని పిల్లపురుగైతే తల్లికంటే ఆబగా తింటుంది. అయితే అది చూడటానికి చిన్న మొసలిలా, ముళ్లతో, మచ్చలతో ఉంటుంది. అందంగా లేదు గనుక శత్రువనుకుని నలిపేస్తారు. అల్లిక రెక్కల పురుగు, తూనీగ, సాలీడు, ఇవన్నీ మన పక్షాన పనిచేసేవే. మందుకు వీటికీ వాటికీ తేడా తెలియదు. తెలియవలసింది మనిషికి.

వ్యవసాయ శాఖవారి పొలంబడికి వెళ్లినవారికి మేము చెప్పేది కొత్త కాదు. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైన పద్ధతి అది. పొద్దున్నే చేలో దిగి, మొక్కలు పరిశీలించి, శత్రు పురుగులెన్ని, మిత్ర పురుగులెన్ని అని లెక్కపెడతారు. తరువాత చార్టు మీద నడుమ మొక్క, ఒక పక్క శత్రువులు, మరో పక్క మిత్రులు బొమ్మలు గీస్తారు. మందు కొట్టాలా వద్దా అన్న మాట ఆ తరువాతే. మీసాలు నెరిసిన రైతులు స్కెచ్ పెన్నులు పట్టుకుని పురుగులు గీస్తే అది చదువు, పిల్లలు చేస్తే కాలక్షేపమా?

ఇక చేయించే తీరు. ఫోన్లో దొరికే బొమ్మలు ప్రింటు తీసి ఇవ్వడం మాకు ఇష్టం లేదు. ఎర్రటి గుండ్రం, నల్ల చుక్కలు, పెద్ద కళ్లు, నవ్వే నోరు! మన పత్తి చేలలో ఎక్కువగా కనబడే అక్షింతల పురుగు నారింజ రంగులో ఉంటుంది, వీపు మీద నల్లటి వంకర గీతలుంటాయి. ముందు దాన్ని చూపించి తరువాత కాగితం ఇవ్వాలి. సొలొమోను కూడా సోమరిని చీమ దగ్గరికే వెళ్లి చూడమన్నాడు కదా.

పాత శుభలేఖలు మంచి అట్ట. జిగురుకు మైదా ఉడకబెడితే చాలు, అన్నం మెతుకులైనా సరే. చీమకు పాత పేపరు ఉండలు మూడు కావాలి: తల, రొమ్ము, పొట్ట. కాళ్లు ఆరూ నడిమి ఉండకే అతికించాలి. పిల్లలు పొట్టకు అతికిస్తారు, అతికించనివ్వండి. తరువాత బయట గోడ మీద పాకే చీమను చూపించండి, వాళ్లే పీకి సరిచేస్తారు. మీరు ముందే దిద్దితే చీమను చూడవలసిన పని వాళ్లకు ఉండదు. బొమ్మ చక్కగా రాలేదని తల్లులు రాత్రి కూర్చుని మళ్లీ చేసి పంపడం దయచేసి మానండి.

ఆరుద్ర కార్తెలో తొలకరి పడితే ఎర్ర ముఖమల్ గుడ్డలాంటి ఆరుద్ర పురుగులు నేల మీదికి వస్తాయి. వాటి కాళ్లు పిల్లల చేత లెక్కపెట్టించండి. ఎనిమిది వస్తాయి. ఆరు కాళ్ల లెక్కలో అది పురుగే కాదు, సాలీడుకు దగ్గరి చుట్టం. ఇది తెలిస్తే పిల్లలు ఇంటికి వచ్చి తాతయ్యతో వాదనకు దిగుతారు, కొంచెం ఓర్చుకోండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాము. పురుగుమందు సీసాలు వచ్చిన అట్టపెట్టెలు గట్టిగా ఉంటాయని బొమ్మలకు కోసి ఇవ్వవద్దు. పిల్లలు అట్టను నోట్లో పెట్టుకుంటారు, జిగురు వేళ్లు నాకుతారు. ఖాళీ సీసాలు, మూతలు కూడా వద్దు. మందు కొట్టిన చేలోకి పురుగులు చూపిస్తామని పిల్లలను తీసుకెళ్లకండి. పెరట్లో బంతి మొక్క, బెండ మొక్క ఉంటే చాలు, కావలసినన్ని కనబడతాయి.

వచ్చే ఆదివారం తూనీగ చేయిస్తాము. ఒంటికి చీపురు పుల్ల, రెక్కలు నాలుగు. ఇంట్లో పడి ఉన్న పాత శుభలేఖలు పిల్లల చేతికిచ్చి పంపండి.