వయసు మీద నెపం వేయొద్దు

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు దారులన్నీ కొల్లేటికోటకే. జాతర ముగిశాక, ఆ లంకల్లో ఒక ముసలమ్మకు తెల్లవారుజామున మూతి వంకరపోయి, చెయ్యీ కాలూ పడిపోతే దారి ఎటు? ముందు బండి దొరకాలి. కైకలూరు చేరాలి. అక్కడి నుంచి ఏలూరో, విజయవాడో పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటి మీద పడ్డప్పుడు లంక గ్రామాల దారులే నీళ్లలో మునిగాయి. వరద లేని రోజున కూడా ఇంట్లో ఒక మాట వినిపిస్తుంది: "వయసైపోయింది, ఇంకేం చేస్తాం?" ఇంట్లోవాళ్లు దుఃఖంలో ఆ మాట అంటే అర్థం చేసుకోవచ్చు. ఆసుపత్రే ఆ మాట అంటే అది వైద్యం కాదు, చేతులు దులుపుకోవడం.

పక్షవాతం రెండు రకాలు. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం ఒకటి, నాళం చిట్లడం ఇంకొకటి. ఏదో తేల్చేది సీటీ స్కాన్. గడ్డ అయితే కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోగా పడాలి. ఎంత ముందు పడితే అంత మేలు. ముసలివాళ్లకు ఈ మందు దండగ అనే వాదనకు 2012లోనే జవాబు వచ్చింది. 3,035 మంది రోగులతో 12 దేశాల్లో జరిగిన పరీక్షలో సగానికి పైగా 80 ఏళ్లు దాటినవాళ్లే. వాళ్లకు దక్కిన మేలు చిన్నవాళ్ల కంటే తక్కువేమీ కాదని తేలింది.

ఇంజక్షన్ సమయం దాటిపోయినా ఆసుపత్రి బాధ్యత తీరదు. పక్షవాత రోగుల్లో చాలామందిని మింగేది మొదటి దెబ్బ కాదు, తర్వాతి నిర్లక్ష్యం. మింగలేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా పుడుతుంది. పక్క మార్చకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. ఆస్ట్రేలియాలో 19 పక్షవాత వార్డుల్లో జరిగిన పరీక్షలో కొన్ని వార్డుల నర్సులకు మూడే పనులు నేర్పారు: జ్వరం చూడటం, చక్కెర చూడటం, నోటికి ఏదైనా పెట్టేముందు మింగగలరో లేదో పరీక్షించడం. 2011లో ఫలితం వచ్చింది. మామూలు వార్డుల్లో మూడు నెలలకు నూటికి 58 మంది చనిపోవడమో, ఇంకొకరి మీద ఆధారపడటమో జరిగితే, ఈ నర్సులున్న చోట ఆ సంఖ్య 42కు దిగింది. థర్మామీటరుకు, చక్కెర పరీక్షకు, ఒక చెంచాడు నీళ్లకు బడ్జెట్ లేదని ఏ పాలకుడు అనగలడు?

దూరాన్ని సాకుగా చెప్పేవాళ్లు హిమాచల్ ప్రదేశ్ వైపు చూడాలి. ఆ కొండల్లో 2014 నుంచి జిల్లా ఆసుపత్రి డాక్టరు స్కాన్ బొమ్మను ఫోన్‌లో నిపుణుడికి పంపి, సలహా తీసుకుని, ఇంజక్షన్ ఉచితంగా వేసే ఏర్పాటు చేశారు. గుండెపోటుకు ఇలాంటి ఇంజక్షన్‌ను దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోనే ఇచ్చే కార్యక్రమాన్ని 2023లో ఆంధ్రప్రదేశ్ కూడా మొదలుపెట్టింది. గుండెకు చేయగలిగింది మెదడుకు ఎందుకు చేయరు? కొండకు సాధ్యమైంది లంకకు ఎందుకు సాధ్యం కాదు?

పథకాలకు కొదవ లేదు. 2005లో 108 వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో 70 నిండిన ప్రతి ఒక్కరికీ కేంద్రం ఆయుష్మాన్ కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. కానీ పోయిన గంట కార్డుతో తిరిగి రాదు. 2022లో కొల్లేటికోట కృష్ణా జిల్లా నుంచి కొత్త ఏలూరు జిల్లాలోకి వచ్చింది. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పాలన ప్రజల గడపకు రావాలని కోరే మనం ఒకటి గుర్తుంచుకోవాలి. పటం మీద గీత మారితే చాలదు, ఆ గీత లోపలి ఆసుపత్రి మంచం దగ్గర మార్పు కనబడాలి.

అందుకే మా డిమాండ్లు నాలుగు. 108 సిబ్బంది బయల్దేరిన వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి, స్కాన్ ఉన్న చోటికే రోగిని నేరుగా తీసుకుపోవాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రభుత్వాసుపత్రుల్లో రాత్రింబవళ్లు స్కాన్, ఇంజక్షన్ ఉచితంగా అందాలి. పక్షవాతానికి విడిగా మంచాలు, శిక్షణ పొందిన నర్సులు, ఫిజియోథెరపీ ఉండాలి. వచ్చిన ఎన్ని నిమిషాలకు స్కాన్ తీశారు, ఎంతమందికి మింగుడు పరీక్ష చేశారు, నెల తిరిగేసరికి ఎంతమంది బతికారు, ఇవన్నీ వయసులవారీగా ప్రతి ఆసుపత్రీ గోడ మీద రాసి పెట్టాలి. లెక్క లేని చోట జవాబుదారీ ఉండదు.

విద్యార్థులారా, సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంటింటికీ చెప్పండి: మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా పసరు మందుకు పోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి, లక్షణం కనబడిన గంట గుర్తుపెట్టుకోండి. ఉద్యోగులారా, తల్లిదండ్రుల పేర్లు హెల్త్ కార్డులో ఎక్కించి ఊరుకోకండి, మీ ఊరి ఆసుపత్రిని లెక్క అడగండి. జీవితమంతా చెరువు గట్ల మీద, వరి మళ్లలో వెన్ను వంచినవాళ్లు ఆఖరి రోజుల్లో అడిగేది దయ కాదు. అది వాళ్లకు మనం పడ్డ బాకీ.